గద్వాల నేతవీధిలో పడుగు కింద పరుగుపందెం

మా నాగర్‌కర్నూలు బడిలో పిల్లలకు ఆటలు, కసరత్తు నేర్పమని పైనుంచి తాఖీదు వచ్చింది. ఎలా నేర్పాలో మాత్రం అందులో లేదు. నాకు గోలీలాట తప్ప మరేదీ రాదాయె. గద్వాలలో రహీం సాబ్ అనే డ్రిల్లు మాస్టరు చిన్నపిల్లలకు కసరత్తు శిబిరం నడుపుతున్నారని విని, చివరి రోజులైనా చూద్దామని బయలుదేరాను. నాలాంటి పంతుళ్లెవరైనా అటు వెళ్లదలిస్తే పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

తెల్లవారుజామున ఎడ్లబండి ఎక్కితే వనపర్తి చేరేసరికి దీపాలు పెట్టారు. పని చెబితే బండి తోలే మా ఊరి బాలయ్య నవ్వాడు. "కసరత్తు నేర్సుకోనీకి గంత దూరం పోతరా సారూ? మా పిలగాండ్లకు గడ్డిమోపు ఎత్తుడే కసరత్తు" అన్నాడు. రాత్రి సత్రంలో పడుకుని, పొద్దున్నే వనపర్తి రోడ్డు స్టేషనుకు చేరుకుని రైలెక్కాను. టిక్కెట్టుకు నిజాం సర్కారువారి హాలీ చిల్లర దగ్గర పెట్టుకోవడం మంచిది. కృష్ణ మీదుగా రైలు పోతున్నంతసేపూ నేను చేతులు జోడించి కూర్చున్నాను.

గద్వాలలో దిగి నేరుగా బడికి వెళ్లాను. రహీం సాబ్ తాలీంలో కుస్తీ పట్టిన మనిషి. అంత భారీ మనిషి పిల్లలతో పాటు కప్పగంతులు వేస్తుంటే నోరు తెరుచుకుని చూశాను. తలమీద చెంబు పెట్టుకుని నడక, ఇసుకలో పల్టీలు, చిన్న కర్రలతో కసరత్తు. నిన్నటిదాకా పలక వెనక మొహం దాచుకున్న పిల్లలట వీళ్లు. అందరికన్నా చురుకైనది జములమ్మ అనే నేతవారి పిల్ల. ఇంట్లో నూలు కండెలు చుట్టాల్సిన పిల్లను తాత ఈరన్న అయిష్టంగానే పంపుతున్నాడు. ఆయన భయం ఆయనది. చీర నేసేముందు నిలువు పోగులన్నీ వీధి పొడవునా నడుమెత్తున కట్టి, గంజి పట్టించి ఆరబెడతారు. అదే పడుగు. దాన్ని ఎవరూ దాటరాదు, తెగితే ఇంటిల్లిపాది కష్టమూ మట్టిపాలే. ఉరుకుడు మరిగిన పిల్లలకు కళ్లు కనబడవనీ, ఒక్క పోగు తెగినా నేతవీధి పిల్లలెవరూ ఇక బడి ఆటలకు రారనీ ఆయన ముందే చెప్పి పెట్టాడు.

మర్నాడే ముగింపు పందెం. బడి దగ్గర మొదలై, నేతవీధికి అడ్డంగా పోయి, కోట ముందు మైదానంలో ముగియాలి. ఆ వేళకు పడుగు చుట్టేస్తారని రహీం సాబ్ లెక్క. కానీ ఆ పొద్దు మబ్బు పట్టింది. గంజి ఆరలేదు. తడి పడుగును కదిలించకూడదు. మేము వీధి మొదట నిలబడి చూసేసరికి పడుగు అడ్డంగా అలాగే ఉంది, పిల్లలు సందులోంచి దూసుకొస్తున్నారు. సాబ్ ఈల ఊదాడు. కేరింతల్లో ఎవరికి వినబడుతుంది?

అందరికన్నా ముందున్న జములమ్మ పడుగు దగ్గరకు రాగానే వంగి, ఒక్క పోగూ తాకకుండా అవతల తేలింది. అక్కణ్నుంచి మైదానం ఎదురుగానే ఉంది, పందెం తనదే. వెనక్కి చూసింది. వస్తున్నవాళ్లలో చాలామంది పడుగంటే ఏమిటో తెలియని రైతుల పిల్లలు. ఆగింది. మళ్లీ కిందినుంచి దూరి ఇవతలికొచ్చి, చేతులు బార్లా చాపి నిలబడింది. "వంగుండ్రి, వంగుండ్రి" అంటూ ఒక్కొక్కరి తలమీద చెయ్యి పెట్టి కిందకు వంచి పంపింది. పిల్లలంతా కోడిపిల్లల్లా దూరిపోయారు. అందరూ పోయాక తను పోయింది. ఆఖరున వచ్చింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

గంజి పట్టించే కుంచెతో పడుగు పక్కనే ఉన్న ఈరన్న వీధి పొడవునా నడిచి, పోగుపోగూ చూసుకుంటూ వచ్చాడు. ఒక్కటీ తెగలేదు. రహీం సాబ్ తప్పు తనదేనని, ఇకమీద ఈ దారిన పిల్లల్ని తీసుకురానని చెప్పాడు. ముసలాయన పడుగు పక్కన చెయ్యి ఆనించి, నేలనుంచి దాని ఎత్తు కొలిచి చూశాడు.

"గా దారినే ఉరకనీయుండ్రి సాబ్" అన్నాడు. "నేనే పడుగు జర మీదికి కడ్త."

మర్నాడు తిరుగు రైలుకు పోతూ పొద్దున్నే ఆ వీధిలోకి వెళ్లాను. పడుగు నిజంగానే ఎత్తుగా ఉంది. నేతవాళ్లు చేతులు పైకెత్తి, భుజాలు నొప్పిపెట్టేలా కుంచెలు తోస్తున్నారు. దాని కింద పిల్లలు బడికి పరిగెడుతున్నారు. కసరత్తు పిల్లలకే అనుకుని వచ్చాను, పెద్దవాళ్లూ చేయాలని ఇప్పుడు తెలిసింది. ఊరు చేరగానే బాలయ్య ఇంటికి పోయి, గడ్డిమోపు ఒక్క గంట ఆలస్యమైనా పరవాలేదు, పిల్లల్ని పంపమని అడగాలి. గద్వాల వెళ్లేవారికి ఒక్క మాట: నేతవీధిలో పడుగు అడ్డొస్తే దాటకండి, చుట్టూ తిరగనూ అక్కర్లేదు. తల వంచి కిందినుంచి పొండి, ఇప్పుడక్కడ మనకూ చోటుంది.