కోడి కూసిన దగ్గర ఆగిపోయిన కథ

1996 జూన్‌లో మా మిషన్ సంస్థ నన్ను ప్రొబేషన్ మీద మహారాష్ట్రలోని భివండీకి పంపింది. ప్రొబేషన్ అంటే ఏడాదిపాటు పని చూస్తారు. పనికొస్తాడనుకుంటే సువార్తికుడిగా ఖాయం చేస్తారు, లేదంటే మర్యాదగా ఇంటికి పంపేస్తారు. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. మాది జగిత్యాల దగ్గర. అక్కడి పద్మనగర్‌లో స్థిరపడిన మన తెలంగాణ నేతవాళ్ల మాట నాకు వస్తుందన్న ఒక్క కారణంతో నన్ను ఎంపిక చేశారు. మాట రావడం వేరు, నోరు విప్పడం వేరన్న సంగతి ఎంపిక చేసిన పెద్దలకు తట్టలేదు. నాకు తట్టింది గాని నేను చెప్పలేదు.

మా పని బయటివాళ్లు అనుకునేంత గుట్టుగా జరిగేదేమీ కాదు. మాకు మూడు నియమాలుండేవి. ఎవరికీ డబ్బు గాని, వస్తువు గాని ఇవ్వకూడదు. ఎవరి దేవుణ్ణీ తక్కువ చేసి మాట్లాడకూడదు. నువ్వెవరివని అడిగితే దాచకూడదు. మొదటి రెండింటినీ ఉద్యోగం ఉన్నన్నాళ్లూ తప్పలేదు. మూడోది తప్పిన సంగతే ఇక్కడ రాస్తున్నాను.

నెలాఖరున పర్యవేక్షకుడికి నివేదిక పంపాలి. అందులో చివరి గడి పేరు ‘సాక్ష్యం’. కోర్టు సాక్ష్యం కాదు. క్రైస్తవుడు కాని మనిషికి నా విశ్వాసం గురించి నా నోటితో చెప్పడాన్ని మేం అలా అంటాం. కరపత్రం చేతిలో పెట్టి సందు తిరిగిపోతే అది లెక్కలోకి రాదు. మొదటి మూడు నెలలూ ఆ గడిలో సున్నా చుట్టి పంపాను. మా పర్యవేక్షకుడు కల్యాణ్‌లో ఉండే పెద్దాయన, తిట్టే మనిషి కాదు. సున్నా పక్కన పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం పెట్టి కాగితం తిప్పి పంపేవాడు. తిట్టినా బాగుండేదనిపించేది.

కొడతారని కాదు నా భయం. పద్మనగర్‌లో నన్ను ఒక్క మాట అన్నవాడు లేడు. పైగా ‘పంతులు, తిన్నవా’ అని అడిగి మరీ పళ్లెం ముందుకు జరిపేవాళ్లు. అదే వచ్చిన చిక్కు. అన్నం పెట్టినవాళ్లు ఒక్కసారి నా మొహంలోకి చూసి, ఇన్నాళ్ల మంచితనమంతా ఇందుకేనా అనుకుంటే ఇక ఆ గల్లీలో ఎట్లా తలెత్తుకు తిరగడం?

అందరూ పంతులు అనడానికి కారణం, నేను వాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టేవాణ్ణి. కార్ఖానాల్లో పనిచేసేవాళ్లలో చాలామందికి చదువు లేదు. నర్సయ్య సేటు కార్ఖానాలో రోజూ మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు నేను గోడ పక్కన బల్ల మీద కూర్చుంటే, ఒక్కొక్కరు వచ్చి ఊరికి ఉత్తరం చెప్పి రాయించుకునేవారు. సేటు కూడా సిరిసిల్ల వైపు మనిషే. చిన్నప్పుడు సాంచాల మీద పనిచేసి పైకొచ్చినవాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. ఒక్కో మనిషి నాలుగు సాంచాలు చూసుకునేవాడు.

ఉత్తరాల కోసం వచ్చేవాళ్లలో సత్తయ్య అని ఒకాయన. నలభై అయిదేళ్లుంటాయి, బక్కమనిషి, తక్కువ మాట్లాడేవాడు. ప్రతి వారం ఇన్లాండ్ కవరు తెచ్చి, “సూరత్‌ల రాజేశంకు” అని చిరునామా రాయించేవాడు. రాయడం అయ్యాక, ఏం రాయమంటావు సత్తన్నా అని అడిగితే “మల్ల రాపిస్త తియ్యి” అని లేచిపోయేవాడు. అట్లా చిరునామా తప్ప అక్షరం లేని కవర్లు నా సంచిలో అయిదో ఆరో పోగయ్యాయి.

సెప్టెంబరు మొదట్లో ఒకరోజు సేటు నన్ను సాంచాల మధ్యనే ఆపాడు. ఆ చప్పుడులో మాట వినిపించాలంటే చెవిలో నోరు పెట్టి అరవాలి. నువ్వు చర్చి మనిషివటగదా, నిజమేనా అని అడిగాడు. నేనూ ఆయన చెవి దగ్గరికి వంగి, “కాదు సేటూ, నాకు వాళ్లెవరో తెలియదు, ఉత్తరాలు రాసుకునేవాణ్ణి” అన్నాను. ఆయన తలూపి వెళ్లిపోయాడు. అడిగింది ఆయన, విన్నది ఆయన, మూడోవాడికి తెలియదు కదా అని నన్ను నేను సముదాయించుకున్నాను.

ఆ నెల నివేదికలో మళ్లీ సున్నా పెట్టడానికి మనసు రాలేదు. అబద్ధం రాయడానికీ రాలేదు. అప్పుడు ఒక ఉపాయం తట్టింది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది గాని ఆనాడు గొప్ప తెలివి అనుకున్నాను. కార్ఖానాలో రెండు వరుసల సాంచాల మధ్య ఒక నడవ ఉండేది. ఆ చప్పుడులో నడుస్తూ, పనివాళ్ల వైపు తిరిగి, నా మాట చెప్పేస్తే సరి. నోటితో చెప్పినట్టవుతుంది, ఎదుట క్రైస్తవేతరులు ఉన్నట్టవుతుంది, ఒక్కడికీ వినబడదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారే, సరిగ్గా అదే నాకు కావలసింది.

చెప్పడానికి ఎంచుకున్న కథ మాత్రం నాకు తగినదే. ప్రభువును పట్టుకుపోయిన రాత్రి, శిష్యుడైన పేతురు ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట్లో మంట కాచుకుంటూ ఉంటాడు. నువ్వు ఆయన మనిషివే కదా అని అక్కడివాళ్లు అడుగుతారు. నాకు ఆయన ఎవరో తెలియదంటాడు. మూడుసార్లు అడుగుతారు, మూడుసార్లూ అదే మాట. అప్పుడు కోడి కూస్తుంది. నా నడకకు నడవ సరిగ్గా కోడి కూసే దగ్గర అయిపోయేది. ఆ పైన తలుపు, తలుపవతల గల్లీ, గల్లీలో చప్పుడు లేదు. అందుకని కథ రోజూ అక్కడే ఆగేది. కరెంటు పోయే వేళలు ముందే తెలుసుకుని, ఆ వేళల్లో లోపల అడుగు పెట్టేవాణ్ణి కాదు.

అట్లా మూడు వారాలు గడిచాయి. ఒక మంగళవారం నేను నడవ చివరికొచ్చి కోడిని కూయించానో లేదో, వేళ కాని వేళ కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. నోరు టక్కున మూసుకున్నాను. బయట ఎవరో బకెట్ కింద పెట్టిన చప్పుడు కూడా వినబడింది.

సత్తయ్య తన సాంచా పక్కన, చేతిలో నూలు కండె పట్టుకుని నిలబడి ఉన్నాడు. మామూలు గొంతుతో అడిగాడు.

“పంతులు, గా కోడి కూసినంక ఏమైంది?”

నాకు అర్థం కాలేదు. ఏ కోడి అన్నాను. వెనక వరుసలోంచి ఇంకొకాయన, “రోజు గాడికే అచ్చి ఆపుతడు, మేం ఎన్నాళ్లని సూడాలె” అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

జీవితమంతా ఆ చప్పుడులో గడిపినవాళ్లు చెవులతో వినరు. పెదవులు చూసి మాట పట్టుకుంటారు. ఈ కొసన ఉన్నవాడు ఆ కొసన ఉన్నవాడితో పనిలో ఉండగానే కష్టసుఖాలు మాట్లాడుకుంటాడు. నాలుగు నెలలుగా రోజూ చూస్తున్న సంగతే. చేతి సైగలనుకున్నాను గాని మాటలనుకోలేదు. శంఖం వినబడకపోయినా ఊదేవాడి బుగ్గలు చెవిటివాడికి కనబడతాయని నాకు తోచలేదు. మూడు వారాలుగా కార్ఖానా మొత్తానికి, నోరారా, కళ్లముందే ప్రకటించుకుంటూ తిరిగాను.

అంతకంటే పెద్ద సంగతి అప్పుడు తట్టింది. ఆ నెల మొదట్లో సేటుకు చెప్పిన అబద్ధం కూడా వీళ్లంతా చూసే ఉంటారు. సేటు గుడ్డ మడతపెట్టే బల్ల దగ్గర కూర్చుని నావైపే చూస్తున్నాడు. కథ ముందుకు చెబితే ఆనాటి అబద్ధం ఒప్పుకున్నట్టే. చెప్పకపోతే, అడిగితే రెండోసారీ కాదన్నట్టే. పక్కనున్న స్తంభం పట్టుకున్నాను.

“సేటూ, ఆ రోజు మీరడిగితే కాదన్నాను. అది అబద్ధం. నేను చర్చి మనిషినే” అన్నాను. తర్వాత సత్తయ్య వైపు తిరిగి మిగతాది చెప్పాను. పేతురు వెక్కి వెక్కి ఏడ్చాడు. ప్రభువును చంపారు, మూడోనాడు ఆయన లేచాడు. కొన్నాళ్లకు పేతురు రాత్రంతా చెరువులో వలవేసి, ఏమీ పడక తెల్లవారి ఒడ్డుకు వస్తే, అక్కడ ఆయనే బొగ్గులు రాజేసి చేపలు కాలుస్తూ కనిపించాడు. రా, తిను అన్నాడు. తిన్నాక, నేనంటే నీకు ప్రేమ ఉందా అని అడిగాడు. ఉందన్నాడు పేతురు. మళ్లీ అడిగాడు. మూడోసారీ అడిగాడు. ప్రతిసారీ నావాళ్లను చూసుకో అని పని అప్పజెప్పాడు. ఇది జరిగిందని నేను నమ్ముతున్నాను, నా బతుకు దీని మీదే పెట్టుకున్నాను అని ముగించాను. మొత్తం చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టి ఉండదు.

“ఎందుకు కాదన్నవని అడగలేదా?” అన్నాడు సత్తయ్య.

అడగలేదన్నాను.

“మూడు మాట్ల కాదన్నోణ్ణి మూడు మాట్ల అడిగిండు. పోగు తెగిన కాడ్నే ముడేసిండన్నట్టు.”

ఈ ముప్పై ఏళ్లలో ఆ కథ మీద నేను విన్న ప్రసంగాలు తక్కువేమీ కాదు. ఇంతకంటే బాగా విడమర్చినవాడు నాకు తగల్లేదు.

సేటు లేచి వచ్చాడు. నేను మూటాముల్లె సర్దుకోవడానికి సిద్ధపడ్డాను. “అందరికి ఎర్కనే పంతులు. నేను సుత సాంచాల మీద పెరిగినోణ్ణే. నువ్వు నడిచేది, చెప్పేది సూస్తనే ఉన్న. ఎన్నడు ఒప్పుకుంటవో అని ఊకున్న” అన్నాడు. మళ్లీ, “కానీ కార్ఖాన్ల గీ ముచ్చట్లు వద్దు. పని సెడ్తది, నలుగురు నాలుగు తీర్ల అనుకుంటరు. బయట చాయ్ హోటల్ కాడ కూసో. ఎవలకు గావాల్నో ఆల్లే అస్తరు” అన్నాడు. న్యాయమైన మాట. ఆ రోజు నుంచి నా బల్ల హోటల్ ముందుకు మారింది. నాకు చాయ్ పోయడం ఎవరూ మానలేదు. ఇద్దరు మాత్రం ఉత్తరాలు నాతో రాయించుకోవడం మానేశారు. అది వాళ్ల ఇష్టం.

మర్నాడు సత్తయ్య హోటల్ దగ్గరికి వచ్చి, కవరు తీయమన్నాడు. రాజేశం తన సొంత తమ్ముడని అప్పుడే చెప్పాడు. రెండేళ్ల కింద ఇద్దరూ భివండీలోనే, నార్పోలి పేటలో ఒకే కార్ఖానాలో ఉండేవాళ్లు. అక్కడి ముకద్దం, అంటే పనివాళ్ల మీద పెత్తనం చేసేవాడు, తల పగిలి పడితే పోలీసులు రాజేశాన్ని అనుమానించారు. వాడు చేసింది కాదు.

“ఈడు నీకేమైతడని పోలీసాయిన నన్ను అడిగిండు. సాంచాలు నడుస్తున్నయ్. నాకు తెల్వదు సాబ్ అన్న. పెండ్లాం పిల్లలు యాదికచ్చిన్రు, భయమైంది. గా చప్పుడుల తమ్మునికి యినవడదు గదా అనుకున్న. ఆడు గా కొసన నిలవడి నా మొకమే సూస్తుండె.”

తెల్లారి రాజేశాన్ని వదిలేశారు. వాడు అన్న గదికి రాకుండా సూరత్ వెళ్లిపోయాడు. చిరునామా ఊరివాళ్ల ద్వారా తెలిసింది గాని, అప్పటినుంచి వాడి కబురు లేదు. అన్ని వారాలూ చిరునామా దగ్గరే ఉత్తరం ఎందుకు ఆగిపోయిందో, నా నడవ కథను ఆయన ఎందుకంత పట్టి చూశాడో నాకు అర్థమైంది. ఉత్తరం చెప్పాడు, రాశాను. నాలుగే వాక్యాలు. మొదటిది, ‘నువ్వు నా తమ్మునివి’. చివరిది, ‘గా దినం నేనన్నది తప్పు’.

జవాబు రావడానికి నెల దాటింది. హోటల్ చిరునామాకే వచ్చింది. సత్తయ్య నా ఎదుట బల్ల మీద కూర్చుని, చదువు అన్నాడు. ఎవరిచేతో రాయించిన ఉత్తరం. సంక్రాంతి దాటాక వస్తానని, వదినను అడిగానని చెప్పమని ఉంది. చివరన ఒక వాక్యం: ‘అన్నా, ఆ రోజు సాంచాల చప్పుడుకు నువ్వేమన్నవో నాకు వినవడలేదు.’

సత్తయ్య ఆ వాక్యం మళ్లీ చదివించుకున్నాడు. “యినవడలేదట” అన్నాడు. కవరు మడిచి జేబులో పెట్టుకుని పనిలోకి వెళ్లాడు.

కరెంటు పోయిన ఆ నెల నివేదికలో సాక్ష్యం గడిలో ‘ఒకటి’ అని రాసి, పక్కన ‘ఆయన అడిగాకే చెప్పాను’ అని చేర్చాను. కాగితం ప్రశ్నార్థకం లేకుండా తిరిగొచ్చింది. మరుసటి జూన్‌లో నన్ను ఖాయం చేశారు. సత్తయ్య క్రైస్తవుడు కాలేదు. మార్కండేయుడి గుడికి వెళ్లేవాడు, వెళుతూనే ఉన్నాడు. దాని గురించి నేనూ అడగలేదు.

తర్వాత చాలా ఏళ్లు కొత్తగా చేరినవాళ్లకు తర్ఫీదు ఇచ్చే పని నాకు అప్పజెప్పారు. భయం ఎట్లా పోతుందని వాళ్లు అడిగేవారు. నాకు పోలేదని చెప్పేవాణ్ణి. దాచామనుకున్నది ఎదుటివాళ్లకు ముందే తెలిసి ఉంటుంది, మన నోటితో వస్తుందా రాదా అనే వాళ్లు చూస్తారు. కథ మొదలుపెడితే మాత్రం సగంలో ఆపొద్దు. మిగతా సగం కోసం ఎవరు ఎదురుచూస్తున్నారో చెప్పేవాడికి తెలియదు.