తలకిందుల పుస్తకం

స్పీచ్ థెరపిస్టుకు ఆ బళ్లో స్థిరపడిన పేరు గమ్మునమ్మ. ప్రశ్న అడిగాక జవాబు వచ్చేదాకా ఆవిడ పెదవి కదపదు. ఇంటి దగ్గరా అదే అలవాటు. ఫోన్లో మాట్లాడుతూ చెల్లెలు, "అక్కా, ఉన్నావా, పోయావా?" అని కసురుకుంటూ ఉంటుంది.

ఆవిడకిచ్చిన గది మెట్ల కింద ఉంది. పిల్లలు దిగినప్పుడల్లా కప్పు దడదడలాడుతుంది. విరిగిన బెంచీలు పోగా మిగిలిన జాగాలో ఒక బల్ల, పొట్టి కుర్చీలు. ఒకదాంట్లో ఒకటో తరగతి పిల్ల కూర్చుంది. పక్కదాంట్లో, మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే, ఆ పిల్ల నాయనమ్మ.

పిల్ల క్లాసులో నోరు విప్పదు. అక్షరాలు ఒంటబట్టడం లేదు. శుక్రవారంలోగా థెరపిస్టు ఏ సంగతో తేల్చి చెప్పకపోతే, మందబుద్ధి పిల్లల బడికి పంపేస్తానని హెడ్మాస్టరమ్మ తేల్చేసింది.

గమ్మునమ్మ మాటల్లేని బొమ్మల పుస్తకం తెరిచింది. "ఇక్కడేం జరుగుతోంది, పాపా?"

"కుక్క తాతగారి టోపీ ఎత్తుకుపోతోంది," అంది నాయనమ్మ.

"నేను అడిగింది పాపని, పెద్దమ్మగారూ."

"దాని కడుపులో మాట నాకు తెలీదా? పొత్తిళ్లలోంచి పెంచినదాన్ని!"

"అయితే పరీక్ష మీకే పెడతాను."

"పెట్టవమ్మా. నీలాగా నోట్లో ముద్ద పెట్టుకుని జీతం పుచ్చుకోను."

పెద్దావిడను బయట కూర్చోబెట్టి చూస్తే పిల్ల ఏడుస్తూ వెనకే పరుగెత్తింది. ఇద్దర్నీ మళ్లీ లోపలికి పిలవాల్సొచ్చింది. ఇక గమ్మునమ్మకు ఒకటే దారి మిగిలింది. ప్రశ్నకు బెదిరిపోయే పిల్లలు కూడా ఎదుటివాళ్ల తప్పును చూస్తూ ఊరుకోలేరు. అందుకని పుస్తకం తలకిందులుగా పట్టుకుని, కథను చివరి నుంచి మొదలుపెట్టింది. "తాత బురదలో పడ్డాడు. ఆ తర్వాత కుక్క టోపీ ఎత్తుకుపోయింది." ఆగి కూర్చుంది.

పిల్ల కనుబొమలు ముడిపడ్డాయి. అంతలోనే నాయనమ్మ లేచింది. "పుస్తకం పట్టుకోవడం రానిదానివి, నువ్వా నా మనవరాలికి వంక పెట్టేది!" విసవిసా వెళ్లి హెడ్మాస్టరమ్మను వెంటబెట్టుకొచ్చింది.

"ఏంటండీ ఇది?" అంది హెడ్మాస్టరమ్మ గుమ్మంలోనే నిలబడి.

ఇదొక ఎత్తుగడ అని పిల్ల ముందు చెబితే ఇక అది పారదు. గమ్మునమ్మ చెవులు ఎర్రబడ్డాయి. పుస్తకం మాత్రం తిప్పలేదు. "కథ చెబుతున్నాను, మేడమ్. తాత పడ్డాక కుక్క వచ్చింది."

"చూశారా! నేను చెప్తే నమ్మలేదు!" అంది నాయనమ్మ.

హెడ్మాస్టరమ్మ నోరు తెరవబోయింది. గమ్మునమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. పై అధికారికి అలా చెయ్యి చూపడం ఆవిడ ఉద్యోగంలో అదే మొదలు.

"కాదు!" పిల్ల పుస్తకం లాక్కుని సరిగ్గా తిప్పింది. "ముందు కుక్క టోపీ లాక్కుంది. అందుకే తాత పరిగెత్తాడు. పరిగెత్తబట్టే..."

"బురదలో పడ్డాడు," అంది నాయనమ్మ, అలవాటుకొద్దీ.

పిల్ల వెనక్కి తిరిగి ఆవిడ నోటి మీద అరచెయ్యి అదిమింది. "నువ్వుండు! నేను చెప్తున్నాను కదా! బురద కనపళ్లేదు, అందుకే పడ్డాడు."

గమ్మునమ్మ హెడ్మాస్టరమ్మను వరండాలోకి తీసుకెళ్లింది. "ఏది ముందో, ఏది ఎందుకో ఈ పిల్లకు తెలుసు. అక్షరానికీ దాని శబ్దానికీ ఇంకా లంకె కుదరలేదు, అది నా దగ్గర సాధన చేస్తే వస్తుంది. క్లాసులో ఏదైనా అడిగితే, ఆగమనండి. వెంటనే మళ్లీ అడగొద్దనండి. పంపెయ్యడానికి నేను సంతకం పెట్టను."

హెడ్మాస్టరమ్మ మొహం చిట్లించుకుంది. "సరే, ఈ ఏడాదికి ఉండనిద్దాం. ఇంకెప్పుడూ నాకు చెయ్యి చూపించకండి," అని వెళ్లిపోయింది.

గదిలో నాయనమ్మ కొంగుతో పెదవులు తుడుచుకుంటోంది, పిల్ల చేతి తడి ఇంకా అంటుకుని ఉన్నట్టు.

"నా పిల్ల చేతే నా నోరు మూయించావు. తృప్తేనా?"

గమ్మునమ్మ తల వంచుకుని పుస్తకం మూసింది.

"రేపు ఇదే వేళకు తీసుకురండి, పెద్దమ్మగారూ," అంది.

"తేక చస్తానా!" అని పెద్దావిడ మనవరాలి రెక్క పట్టుకుని బయటికి నడిచింది.