పక్కింటి శావిగ

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా అపార్టుమెంటు లిఫ్టు దిగగానే, పసుపు వేసి కాచిన కొబ్బరిపాల వాసన గుప్పుమంది. ఎదురింట్లో ఎవరో కొత్తగా దిగినట్టున్నారు. కూరగాయల సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

తొంభైల మొదట్లో, ఇదే నగరంలో ఫ్యాక్టరీల పేట పీణ్యలో మేముండే వఠారంలో ఎనిమిది ఇళ్ళు, ఒకే కొళాయి. అమ్మ లేదు, అవ్వకు చెవులు వినపడవు, నాన్న ఫ్యాక్టరీ నుంచి చొక్కా నిండా ఇనుప రజను వాసనతో వచ్చి పడుకునేవాడు, కాబట్టి బడి వదిలాక నాతో మాట్లాడే మనిషే ఉండేది కాదు. ఆ ఏడు జామకాయల కాలంలో పక్కింట్లోకి మలర్, వాళ్ళ తాత వచ్చారు. ఓనరుకు సేలం నుంచి వచ్చామని చెప్పారు. సముద్రం అవతలి దీవి నుంచి, యుద్ధానికి భయపడి పారిపోయి వచ్చామని మలర్ నాకొక్కదానికే చెప్పి ఒట్టు వేయించుకుంది.

గచ్చకాయలాడి అలిసిపోయాక, ఆదివారాలు వాళ్ళింట్లో చిన్న చిన్న వెదురు తట్టల్లో ఆవిరికి ఉడికిన, సేమ్యాలాంటి ఎర్ర బియ్యప్పిండి శావిగ, పసుపుపచ్చని కొబ్బరిపాల పులుసు, మూటలో తెచ్చుకున్న కొయ్యముక్కలాంటి ఎండుచేపను తాత రవ్వంత గీరి కలిపిన కొబ్బరి పచ్చడి, కడుపు నిండా తినేదాన్ని.

ఒకరోజు దీవిలో అరవవాళ్ళ తరఫున పోరాడేవాళ్ళు బస్సులో బాంబు పేల్చారని రేడియోలో విని తాతనడిగాను, "వాళ్ళు మీకోసరం కొట్లాడేవాళ్ళే గదా తాతా, బస్సులో వాళ్ళనెందుకు సంపినారు?"

బడిపంతులుగా చేసిన తాత అరవంలో చెప్పింది నాకు మా తెలుగులోనే గుర్తుండిపోయింది. "మొదట్లో సిపాయిల మీదికే పోయిరమ్మా. గెలిచేకి కాలేదు. బస్సులో ఉండేవాళ్ళు తిరగబడరు గదా. అందరూ భయపడితే సర్కారు దిగొస్తాదనుకునిరి. వద్దన్న మావాళ్ళను గూడా వదల్లేదు."

అలా వద్దన్నవాళ్ళలో మలర్ నాన్న ఒకడు. ఆయన మళ్ళీ ఇంటికి రాలేదు.

తర్వాత సముద్రానికి ఇటువైపు, మన దేశంలో కూడా వాళ్ళ బాంబు పేలింది. కొళాయి దగ్గర అరవం మాట వినపడితే చాలు, ఆడవాళ్ళు బిందెలు తీసుకుని లోపలికి పోయేవాళ్ళు. మలర్ వాళ్ళది నిజంగా ఏ ఊరని ఓనరు ఇంటింటికీ వచ్చి అడిగాడు. పక్కింటివాళ్ళది సేలమేనని నేనూ ఒట్టు తప్పకుండా చెప్పాను. ఆయన నవ్వి, "వాళ్ళింట్లో శావిగ శానా బాగుంటాదంట గదా పాపా?" అన్నాడు. నన్ను ఒక పెద్దమనిషి కూర్చోబెట్టి కబుర్లడగడం అదే మొదటిసారి. పొంగిపోయాను. తట్టలు, పులుసు, పచ్చడి అన్నీ వర్ణించి, "ఆ చేప వాళ్ళ ఊరి సముద్రంలో పట్టిందే, తెలుసా!" అన్నాను.

సేలంలో సముద్రం లేదని ఆయనకు తెలుసు. నాకు తెలీదు.

రెండురోజుల్లో ఇల్లు ఖాళీ చేయించారు. ఎక్కడికి పోయారో ఎవరూ చెప్పలేదు. పోతూ పోతూ మలర్, మేమిద్దరం ఆడుకునే ఐదు గచ్చకాయల్లో నావి రెండూ మా గడప మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ రెండింటితో ఏ ఆటా కుదరదు. ఎక్కడో బాంబు పెట్టినవాళ్ళు కోరుకున్న భయం మా వఠారం దాకా వచ్చిందనీ, దాన్ని పక్కింటి తలుపు దాకా తీసుకెళ్ళింది నేనేననీ తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు ఆ వఠారం లేదు, గోడౌను కట్టారు. కొబ్బరిపాల వాసన వస్తున్న తలుపు నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. తట్టాలని దగ్గరికెళ్ళి చెయ్యి ఎత్తాను కూడా. ఇంతలో మెట్లెక్కి వచ్చిన వాచ్‌మన్, "మేడమ్, వీళ్ళు ఏ ఊరోళ్ళో మీకేమన్నా తెలుసా?" అని అడిగాడు.

చెయ్యి దించేశాను. తెలీదన్నాను. ముప్ఫయ్యేళ్ళుగా, పక్కింటివాళ్ళ గురించి ఎవరడిగినా నేను చెప్పేది ఆ ఒక్క మాటే.