మూడు మూలల దాత

మా మామయ్య అమ్ముడుపోయే దేన్నీ జన్మలో దానం చెయ్యలేదు. పొలాలు కొని, లే-అవుట్లు వేసి, ప్లాట్లుగా అమ్మడం ఆయన వ్యాపారం. కోయగా కోయగా చివర్న మిగిలిన వంకర ముక్కలు దానం చెయ్యడం ఆయన పుణ్యం. ఆ ప్లాన్లు గీసేది నేనే కాబట్టి ఆ పుణ్యానికి మొదటి సాక్షిని కూడా నేనే.

"ఈ ముక్క అమ్ముడుపోతుందా?" అంటాడు.

"పోదు మామయ్యా. మూడు మూలలే ఉన్నాయి."

"అయితే ప్రజలకి రాసెయ్."

అలా ప్రజలకి ఒక గ్రంథాలయం దక్కింది. దాని కొసలో కూర్చున్న పాఠకుడు బయటికి రావాలంటే మిగతా పాఠకులంతా ముందు లేచి వీధిలోకి నడవాలి. ఇంకోచోట బస్సు షెల్టరు వెలిసింది. కాస్త లావుపాటివాళ్ళు అందులో పక్కకి తిరిగి నిలబడతారు. శిలాఫలకం మాత్రం నిండుగా ఉంటుంది. అక్కడ నీడనిచ్చేది అదొక్కటే. ప్రతి ప్రారంభోత్సవంలోనూ మామయ్య మైకు పట్టుకుని, "కడుపు కట్టుకుని ఇస్తున్నాను" అని కళ్ళు తుడుచుకుంటాడు. ఆ కడుపుని కట్టే తాడు ఇంకా తయారవలేదని అత్తయ్య నా చెవిలో అంటుంది.

ఆమధ్య ఆయన ఊరి చివర ఓ స్థలం కొన్నాడు. రోడ్డు పక్క మూల మీద ఒక రేకుల షెడ్డు ఉంది. కూలిపనికి వెళ్ళే తల్లులు తమ పిల్లల్ని పొద్దున్నే అక్కడ ఒక ఆయమ్మకి అప్పగించి పోతారు. పాత యజమాని ఆమెని ఊరికే ఉండనిచ్చాడు. స్థలం చేతులు మారిందని తెలిసి, ఆమె ఓ పిల్లని చంకనేసుకుని మా ఆఫీసుకి వచ్చింది.

"ఆ మూల ఒక్కటీ వదిలెయ్యండి బాబూ. లేకపోతే ఈ పిల్లలు ఇటుకల మధ్య, ఇనుప చువ్వల మధ్య పెరగాలి," అంది.

"చూడమ్మా, అది కార్నర్ ప్లాటు. అన్నిటికంటే ముందు పోయేది అదే. అమ్ముడుపోయేది దానం చేస్తే నన్ను పిచ్చోడంటారు," అన్నాడు మామయ్య. ఈలోగా పిల్ల ఆయన కళ్ళజోడు లాగేసింది. "ముందు దీన్ని తీసుకెళ్ళు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈయనకి మేనల్లుడిగా పుట్టినందుకు సిగ్గేసింది.

ఆమె వెళ్ళాక మామయ్య బల్ల మీద ప్లాను పరిచాడు.

"ఒరేయ్, మనం వేసే కొత్త రోడ్డు ఇక్కడ వంచు."

"ఎందుకు మామయ్యా? తిన్నగా పోతే బంగారంలాంటి ప్లాటు. వంచితే ఆ షెడ్డు దగ్గర పనికిరాని ముక్క మిగులుతుంది."

"అక్కడ బండరాయి అడ్డం ఉంది."

"నేనే కొలిచాను కదా. గులకరాయి కూడా లేదు."

"నువ్వు సరిగ్గా చూళ్ళేదు."

నా చేతిలోని పెన్సిలు లాక్కుని తనే గీశాడు. గీత షెడ్డు చుట్టూ తిరిగి, ముందు పిల్లలు పరిగెత్తేంత చోటు కూడా వదిలింది.

"మరి ఇక్కడెందుకు వదిలావు?"

"అక్కడ ఇంకో రాయి ఉంది. నోరు మూసుకుని సిరాతో దిద్దు."

మర్నాడు మందులషాపాయన ఆ మూల కోసం అడ్వాన్సు సంచీతో సహా వచ్చాడు. మామయ్య ప్లాను చూపించి నిట్టూర్చాడు.

"ఏం చెప్పమంటారు? మూడు మూలలే మిగిలాయి. మీ ఫ్రిజ్ కూడా పట్టదు."

"రోడ్డు ఇలా వంకరపోయిందేంటండీ?"

"మావాడు గీశాడు," అని నన్ను చూపించాడు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, సంచీ చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆయమ్మకి స్థలం అప్పగించే రోజున మైకులో కూడా అదే పాట. "ఇది ఎవడూ కొనని ముక్క. అందుకే ఇస్తున్నాను. మా మేనల్లుడికి స్కేలు పట్టుకోవడం రాకపోవడం ఈ పిల్లల అదృష్టం," అన్నాడు. అందరూ నవ్వారు. ఆయమ్మ నావైపు జాలిగా చూసింది. అసలు సంగతి చెప్పబోతే మామయ్య బూటుతో నా కాలు తొక్కాడు.

"రాళ్ళ మాట ఎత్తావంటే ఉద్యోగం పీకుతాను," అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

ఎత్తలేదు. ఆ పూట ఆయన మీద పుట్టుకొచ్చినంత ప్రేమ నాకు ఇంతవరకు ఎవరి మీదా పుట్టలేదు. అది చెప్పినా ఉద్యోగం పీకేవాడే. ఇప్పుడు ఆ మలుపులో బండి తిప్పలేని ప్రతి డ్రైవరూ, "ఈ రోడ్డు గీసినవాడి చేతులు పడిపోను," అని తిట్టి మరీ ముందుకు కదులుతాడు. షెడ్డులోంచి పిల్లల గోల వినిపిస్తూ ఉంటుంది. న్యాయంగా మామయ్యకి చెందాల్సిన ఆ తిట్లన్నీ నేనే నిలబడి తీసుకుంటున్నాను.