నా చాప్టరు, ఆయన గొంతు

మా రాతల గుంపు అంటే నాకు ఒళ్లు మంట. మహబూబ్‌నగర్‌లో పీహెచ్‌డీ చేస్తున్న నలుగురం ప్రతి శనివారం పొద్దున ఒక ఖాళీ తరగతి గదిలో కూర్చునేవాళ్లం. ఒకరు రాసిన చాప్టరును ఇంకొకరు పైకి చదవాలి. చదవడం అయ్యేదాకా రాసినవాళ్లు మాట్లాడకూడదు. ఈ దిక్కుమాలిన నియమం పెట్టింది మాలో పెద్దవాడు, తిరుమలగిరి నుంచి వచ్చే కాంట్రాక్టు లెక్చరర్. ఆయన గొంతు వింటేనే నాకు చిరాకు.

అయినా పోయానంటే గతి లేక. నా గైడు రెండేళ్లుగా ఏది ఇచ్చినా "మంచిగుంది, కానియ్యి" అనడమే తప్ప ఒక్క కాగితం తిప్పిన పాపాన పోలేదు. నాకు ఆఖరి గడువు నెల రోజులే ఉంది. ఆలోగా నాలుగో చాప్టరు పూర్తిచేసి థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఆరేళ్ల చదువు గంగపాలు.

నా అంశం నారాయణపేట చేనేత ఇళ్లు. అది మా ఊరు, మా ఇంటి పని. ఒక శనివారం నా చాప్టరును ఆయనే చదివాడు. పట్టికలో ఇంటికి ఒక్క నేతకారుడినే లెక్కవేశాను. దాని కింద నా వాక్యం: "స్త్రీలు తీరిక వేళల్లో రాట్నం తిప్పి కండెలకు నూలు చుట్టి సహకరిస్తారు." పాత థీసిస్‌లన్నింటిలో అలాగే ఉంది, నేనూ అలాగే రాశాను. ఆయన అక్కడ ఆగి, మిగతా ఇద్దరి వైపు తిరిగాడు.

"పోయిన వారం ఈ మేడం ఎందుకు రాలే? అమ్మకు భుజం లేస్తలేదు, దవాఖానకు తీస్కపోయిన అన్నది గదా. రాట్నం తిప్పి తిప్పి అరిగిందని డాక్టర్ చెప్పిండట. తీరిక ఉన్నప్పుడు తిప్పితే గట్ల అరుగుతదా?"

ఒకామె కిసుక్కున నవ్వింది. మా అమ్మ భుజం సంగతి ఎత్తడానికి వీడెవడని పళ్లు నూరుకున్నాను. మాట్లాడనిస్తే పది పుస్తకాల పేర్లు చెప్పి ఆయన్ని అక్కడే కూర్చోబెట్టేదాన్ని. నియమం అడ్డం వచ్చింది. ఆయన కావాలనే ఆ వాక్యాన్ని రెండోసారి చదివాడు, నేను రెండోసారి వినాల్సి వచ్చింది.

చదవడం అయ్యాక ఆయన మీద పడ్డాను. "ఇప్పుడు మళ్ల ఇల్లిల్లు తిరగాల్నా సార్? రిజిస్ట్రేషన్ పోతే మీరు తెచ్చిస్తరా?"

"పోతే పోనియ్యి. మీ అమ్మ పనిని కొట్టేసి డాక్టర్‌వైతవా?"

వారం రోజులు ఆయన్ని తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే, నారాయణపేట పోతున్నానని గుంపులో ఆ నవ్వినామెకు చెప్పాను. ఆదివారం బస్టాండుకు వస్తే ముగ్గురూ అక్కడే ఉన్నారు. ఇళ్లు పంచుకున్నాం. ఈసారి మగ్గం మీది మగవాళ్లను కాకుండా రాట్నం ముందున్న ఆడవాళ్లను అడిగాం. ఎప్పుడు కూర్చుంటారు, ఎప్పుడు లేస్తారు, వంట ఎప్పుడు చేస్తారు అని. ఒక్క ఇంట్లోనూ తీరిక అన్న మాట వినపడలేదు. తిరుగు ప్రయాణంలో కూడా ఆయన నా రాతలో తప్పులు తీస్తూనే వచ్చాడు. ఆయనకు నేను థాంక్స్ చెప్పలేదు, ఇప్పటికీ చెప్పబుద్ధి కాదు.

గడువు ఆఖరి రోజున థీసిస్ ఇచ్చాను. గైడు చదవకుండానే సంతకం పెట్టాడు.

ఇంటికి పోయి మార్చిన వాక్యాలను అమ్మకు చదివి వినిపించాను. నూలు చుట్టే మనిషి లేనిదే మగ్గం ఆడదు, నేత ఇంట్లో నేతపనివాళ్లు కనీసం ఇద్దరు, అని. అమ్మ రాట్నం తిప్పుతూనే వింది. చదవడం అయ్యాక నా మొహంలోకి చూసింది.

"గీ సంగతి నీకెప్పుడు తెల్సింది బిడ్డా?"

పుట్టినప్పటి నుంచి ఆ ఇంట్లో తిన్నదాన్ని. నెల కిందటే, అదీ ఒక పరాయివాడు అందరి ముందూ గడ్డి పెడితే తెలిసిందని అమ్మకు చెప్పలేకపోయాను.