చూసుకుంటానన్న మాట

"చూసుకుంటాను" అనే మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మా పిన్ని కొట్టు కప్పు కారడంలో పాడు సిమెంటుది ఎంత పాపమో, ఆ మాటదీ అంతే.

పిన్ని బట్టలు కుడుతుంది. ఎవరో ఒకరి వరండాలో మిషను పెట్టుకుని, వాళ్ళు పొమ్మన్నప్పుడల్లా దాన్ని మోసుకుని తిరిగింది. చివరికి తెగించి ఇంటి ముందు సొంత కొట్టు కట్టించుకుంది. కత్తెర తప్పుగా పడితే అడక్కముందే కొత్త గుడ్డ కొనిచ్చే మనిషి. లోకమంతా తనలాగే ఉంటుందనుకుంది, అదీ ఆవిడ చేసిన తప్పు.

మేస్త్రీ ఒప్పందం రాసుకొచ్చాడు. పిన్ని ఏమేం ఇవ్వాలో, ఎప్పుడివ్వాలో పొల్లుపోకుండా ఉంది. తన వంతు వచ్చేసరికి ఒకటే ముక్క: కప్పు కారితే మేస్త్రీ చూసుకుంటాడు.

"చూసుకోవడమంటే ఏంటో రాయించు పిన్నీ. సొంత ఖర్చుతో బాగుచేస్తాననాలి," అన్నాను.

"ఊరుకోవే! అక్కా అక్కా అని నోరారా పిలుస్తుంటే అనుమానమేంటి?" అంటూ సంతకం పెట్టేసింది.

మొదటి వానకే కప్పు కారింది. మేస్త్రీ వచ్చాడు, తలెత్తి చూశాడు, పోయాడు. మళ్ళీ పిలిస్తే ఏమన్నాడో తెలుసా?

"చూసుకుంటానన్నాను, వచ్చి చూశాను కదక్కా. బాగుచేయించే ఖర్చు నీదే."

సిగ్గూ శరమూ ఉండక్కర్లేదూ మనిషికి! మిషను మీద గొడుగు కట్టుకుని కుట్టింది మా పిన్ని. తడిసిన బట్టలు చూసి జనం ఒక్కొక్కరే వెనక్కి పట్టుకుపోతున్నారు. ఇలాగే సాగితే కొట్టు మూసుకుని మళ్ళీ ఎవరి వరండాకో పోవాల్సిందే.

అప్పుడే మేస్త్రీ తన కోటు కోసం వచ్చాడు. కూతురి పెళ్ళికి వేసుకోవాలని కప్పు వేసిన రోజుల్లోనే ఖరీదైన గుడ్డ ఇచ్చాడు. పిన్ని మడత విప్పింది. వీపు మీద చేటంత మరక, కప్పులోంచి కారిన నీళ్ళదే.

"ఇదేంటక్కా!" అని గావుకేక పెట్టాడు.

"చూసుకుంటానులే తమ్ముడూ."

"చూసుకుంటే మరక పోతుందా? పాడుచేసింది నువ్వు. నీ ఖర్చుతో కొత్తది ఇవ్వాల్సిందే!"

"ఇస్తాను. రేపే గుడ్డ కొంటాను," అంది పిన్ని. ఒప్పందం తీసి అతని ముందు పరిచింది. "ఇప్పుడన్నావే, ఆ ముక్కే నా కప్పు గురించి ఇక్కడ రాయి."

మేస్త్రీ జేబులు తడుముకున్నాడు. పెన్ను నేనే అందించాను.