ఖాళీ సీటుకు బెల్టు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా అత్తగారు బతికున్నన్నాళ్లూ గాలి సోకిందనో దిష్టి తగిలిందనో నా మెడలో ఏదో ఒక తాయెత్తు వేయాలని చూసేది. ఒక్కటీ వేయించుకోలేదు. భాలుబాసా పేటలో మేముండే ఇల్లు చవగ్గా వచ్చిందంటే కారణం అందులో ఎవరో ఉరి వేసుకున్నారని. ముప్పై ఏళ్లుగా ఆ గదిలోనే పడుకుంటున్నాను. పీడకల కూడా రాలేదు.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసేది చదివి "ముసల్ది విదేశం వెళ్లి బెదిరి వచ్చింది" అనుకుంటారని. అనుకోండి. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇందులో నా తప్పు కూడా ఉంది, దాన్నీ దాచను.

మాది శ్రీకాకుళం వైపు, పని కోసం ఈ ఉత్తరాది ఊరికి వచ్చి స్థిరపడ్డాం. మా ఆయన ఈశ్వరరావు, షెడ్ల మీద రేకులు వేయించే ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. ఆ కాంట్రాక్టరు పేరు ఇక్కడ రాయను. ఈయన కింద తవుడు అని ఒకడు పనిచేసేవాడు. మా పక్క ఊరివాడే. నలభై ఏళ్లుంటాయి, ఇక్కడే ఇంకో పేట భుయ్యాడీహ్‌లో భార్య పైడమ్మతో ఉండేవాడు. చలికి అసలు ఆగేవాడు కాదు. కార్తీకం రాగానే మెడకు మఫ్లరు చుట్టేవాడు, శివరాత్రి దాకా అది దిగేది కాదు.

ఒకసారి మా వంటింటి పైన రేకు పగిలితే మార్చడానికి వచ్చాడు. కింద నిలబడి చెయ్యి చాపితే చూరు అందే ఇల్లు మాది. దానికి కూడా సేఫ్టీ బెల్టు కట్టుకుని, తాడు హుక్కు నీళ్ల ట్యాంకు స్టాండుకు తగిలించాడు. నాకు నవ్వొచ్చింది. "ఇంత ఎత్తుకి కూడా బెల్టేట్రా, తవుడూ" అన్నాను.

"అలవాటమ్మా. ఇది నేకపోతే కాలాడదు" అన్నాడు. బెల్టు బిగించాక మిగిలిన కొసను రెండు మడతలు పెట్టి, మళ్లీ బకిల్ కింద దోపాడు. గాలికి కొట్టుకోకుండా అట. తరవాత రెండుసార్లు లాగి చూసుకున్నాడు. ఈ మడత సంగతి గుర్తుంచుకోండి.

రెండేళ్ల క్రితం ఒక షెడ్డు పైనుంచి పడి తవుడు చనిపోయాడు. మా ఆయన ఇంటికొచ్చి, "ఎదవ, బెల్టు ఏసుకోనేదు" అన్నాడు. రిపోర్టులో అదే రాశాడు, విచారణలో అదే చెప్పాడు. తప్పంతా చచ్చినవాడిదేనని తేలిపోయింది. నా వంటింటి మీదే బెల్టు కట్టుకున్న మనిషి అంత పెద్ద షెడ్డు మీద కట్టుకోలేదంటే నేనెలా నమ్మానో ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. నమ్మితే సుఖంగా ఉంటుంది కాబట్టి నమ్మాను.

అంతటితో ఆగినా బాగుండేది. కర్మకాండలయ్యాక పలకరించడానికి భుయ్యాడీహ్ వెళ్లాను. పైడమ్మ వీధి కుళాయి దగ్గర ఉంది. చుట్టూ బిందెలతో ఆడవాళ్లు. నన్ను చూడగానే ఏడుస్తూ, "బెల్టు నేకుండా ఆడు ఎక్కడమ్మా, మీకూ తెల్సు గదా. ఈశ్వరరావు బావుతో సెప్పండి" అంది.

అందరి ముందూ మా ఆయన్ని అబద్ధాలకోరు అంటున్నట్టు తోచి నాకు ఒళ్లు మండింది. "సెప్పిన మాట ఇనని తలబిరుసు మనిషి. తన సావు తనే తెచ్చుకున్నాడు. ఇంకోల మీద రుద్దకు" అన్నాను. పైడమ్మ ఏడుపు ఆపేసింది. బిందె నిండకుండానే ఎత్తుకుని వెళ్లిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

ఈ ఏడాది మా ఆయన రిటైరవుతుంటే కాంట్రాక్టరు మా ఇద్దరికీ యూరప్ టూరు బహుమతిగా ఇచ్చాడు. నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను. భాలుబాసాలో నేను చెప్పని ఇల్లు లేదు. మా ఆయన మాత్రం "ఇప్పుడు ఇదంతా ఎందుకే" అని నసిగాడు. ఆ నసుగుడు ఎందుకో అప్పుడే అడగాల్సింది. నేను చేగోడీలు వేయించే పనిలో ఉన్నాను.

మే నెలలో రోమ్‌లో దిగాం. మొత్తం నలభై నాలుగు మందిమి, తలా ఒక రాష్ట్రం. మమ్మల్ని తిప్పే అమ్మాయి నేహా, పుణె నుంచి వచ్చింది. డ్రైవరు పోలండ్ మనిషి, నవ్వడు. బస్సులో రెండు నియమాలు. అందరూ బెల్టు పెట్టుకుంటే తప్ప బండి కదలదు. రోజూ ప్రతి జంటా రెండు వరసలు వెనక్కి జరగాలి, అందరికీ ముందు సీట్లు దక్కాలని. బెల్టు విమానంలో ఉండేలాంటిదే, నడుముకు మాత్రం కట్టేది. బిగించాక కొస కొంచెం మిగులుతుంది.

మొదటి రోజు కొలోసియం చూసి వచ్చేసరికి మా ఆయన ఖాళీ సీటు మీద బెల్టు, మనిషి కూర్చున్నట్టే, బకిల్‌లో పెట్టి ఉంది. విప్పి కూర్చున్నాడు. భోజనం చేసి వచ్చేసరికి మళ్లీ పెట్టి ఉంది. "మీరే పెట్టి దిగుతున్నారా" అని అడిగితే, "నాకేటి పనినేదా" అని కసురుకున్నాడు. డ్రైవరు శుభ్రం కోసం సర్దుతున్నాడేమో అనుకున్నాను.

రెండో రోజు మా వంతు ప్రకారం రెండు వరసలు వెనక్కి జరిగాం. పీసాలో అందరిలాగే ఒరిగిన గోపురాన్ని చేత్తో ఆపుతున్నట్టు ఫోటో దిగి బస్సెక్కాం. కొత్త సీటు మీద కూడా బెల్టు పెట్టి ఉంది, అదీ ఆయన సీటు మీదే. నా సీటుకు లేదు. నేను ఊరుకునే రకం కాదు. బస్సు ఈ కొసనుంచి ఆ కొసకు నడిచి ప్రతి సీటూ చూశాను. ఇంకెక్కడా లేదు. మా నిన్నటి సీట్లలో కూర్చున్న నాగపూర్ దంపతులను అడిగాను, వాళ్లకు అలాంటిదేమీ లేదన్నారు. నేహా చేత డ్రైవరును అడిగించాను. బస్సుకు తాళం వేసి, మేమంతా చూస్తుండగానే ఎదురుగా కాఫీ తాగుతూ కూర్చున్నాడు ఆ మనిషి. తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు వంగి దగ్గరగా చూశాను. బెల్టు కొస రెండు మడతలు పెట్టి బకిల్ కింద దోపి ఉంది.

ఫోన్‌తో ఫోటో తీశాను. ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. చూసినవాళ్లు "బెల్టే కదా" అంటారు. నిజమే, బెల్టే.

మా ఆయన్ని పక్కకు పిలిచి, "ఈ మడత ఎవరిదో గుర్తుందా" అని మాత్రం అడిగాను. ముఖం నల్లబడింది. "ఆడి పేరు నా దగ్గిర ఎత్తకు" అని అరిచాడు. నేను ఏ పేరూ ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో ఆ రోజు కళ్లారా చూశాను. ఆ సాయంత్రం ఆయన అన్నం ముట్టలేదు.

మూడో రోజు ఆస్ట్రియా వైపు ప్రయాణం. ఆయనే బెల్టు పెట్టుకున్నాడు, నేను పక్కనుంచి చూశాను, నా చెయ్యి దూరేంత వదులుగా ఉంది. సరిహద్దు దాటాక కొండల మధ్య ఒక పెట్రోలు బంకు దగ్గర ఆపారు. అందరూ దిగారు. ఈయన బెల్టు ఊడలేదు. నేను నొక్కాను, నేహా నొక్కింది, డ్రైవరు వచ్చి నొక్కాడు. అప్పటికి బెల్టు కింద వేలు కూడా దూరడం లేదు. ఆయన ముఖం ఎర్రబడి, మాట కూడబలుక్కోవలసి వస్తోంది. డ్రైవరు వెళ్లి బెల్టు కోసే కత్తి తెచ్చాడు.

అప్పుడు మా ఆయన మా ఎవరి వంకా చూడకుండా, ఎదుటి సీటు వెనక వైపు చూస్తూ మాట్లాడాడు. "తవుడూ, నన్ను ఒగ్గీరా. నువ్వు బెల్టు ఏసుకున్నావు, హుక్కూ తగిలించినావు. ఆ బెల్టే పాడైపోయింది. నాను తెలిసే ఇచ్చినాను. నానే అబద్దం రాసినాను."

డ్రైవరు ఒక చేత్తో కత్తి పట్టుకుని, బొటనవేలితో మళ్లీ బటన్ నొక్కుతూ ఉన్నాడు. టక్కుమని ఊడింది. బహుశా అతని వేలు ఈసారి సరైన చోట పడి ఉండొచ్చు. అలాగే అనుకుని సమాధానపడాలని చాలా ప్రయత్నించాను. తరవాత అతను పదిసార్లు పెట్టి తీసి చూశాడు. ఏ లోపమూ లేదు.

బయట బల్ల దగ్గర కూర్చుని మా ఆయన మిగతాదంతా చెప్పాడు. ఆ బెల్టు పనికిరాదని తనే పక్కన పడేశాడట. కొత్తవి రాలేదు, కాంట్రాక్టరు తొందర పెడుతున్నాడు. తవుడు అనుమానంగా చూస్తుంటే "ఏటీ అవదు, ఎక్కు" అన్నాడట. హుక్కు తగిలించిన చోటే ఉంది, బెల్టు పట్టీ తెగింది. పడ్డవాడి దగ్గరకు మొదట చేరుకున్నది ఈయనే. ఒంటి మీద నుంచి బెల్టు విప్పి సంచిలో పెట్టేశాడు. ఆ కొస మడత విప్పడానికి చాలాసేపు పట్టిందట. బెల్టు ఇప్పుడు మన ఇంట్లోనే ట్రంకు పెట్టెలో పాత దుప్పట్ల కింద ఉందన్నాడు. "పారేద్దారని తీసిన పెతిసారీ సెయ్యి రానేదే" అన్నాడు.

ఎదురుగా కొండల మీద మంచు. మా గుంపంతా దాని ముందు ఫోటోలు దిగుతున్నారు. నాకు ఆ మనిషి ముఖం చూడబుద్ధి కాలేదు. ఆ బెల్టు ఇంకాసేపు బిగిస్తే బాగుండేదని కూడా అనుకున్నాను. అబద్ధమెందుకు, అనుకున్నాను. ముప్పై ఏళ్లు పక్కన కాపురం చేసిన దాన్ని. "ఇంటికెళ్లగానే నీ చేత్తో నిజం రాసి ఇయ్యి. నేపోతే నాను రాత్తాను" అన్నాను. పెళ్లయ్యాక ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. తవుడంటే నాకు కొంచెం కూడా భయం వేయలేదు. వాడి పక్షాన నిలబడ్డానని పొంగిపోయాను.

నాలుగో రోజు స్విట్జర్లాండ్‌లో సరస్సు మీద పడవ ఎక్కించారు. ఇద్దరం చెరో వైపు కూర్చున్నాం. తిరిగి బస్సెక్కేసరికి మా ఆయన బెల్టు కిందికి వేలాడుతోంది. నాకు లోపల తృప్తిగా అనిపించింది. తరవాత కిటికీ పక్క నా సీటు చూశాను.

నా సీటు మీద బెల్టు పెట్టి ఉంది. కొస రెండు మడతలు.

వెనక వాళ్లు జరగమంటున్నా దారికి అడ్డంగానే నిలబడ్డాను. కుళాయి దగ్గర నేనన్న మాట, ఆ బిందెల చప్పుడుతో సహా గుర్తొచ్చింది. మొగుడికి శ్రీరంగ నీతులు చెప్పిన నోరే అది. బటన్ నొక్కితే బెల్టు మామూలుగా ఊడింది. ఆ రోజు నుంచి టూరు ముగిసేదాకా, ఎక్కడ దిగి ఎక్కినా నా సీటు మీదే. ఒక్కసారి కూడా బిగుసుకోలేదు, నన్ను నొప్పించలేదు. బిగుసుకున్నా బాగుండేది అనిపించేది. మా ఆయనకు చెప్పలేదు. నేనే ముందు ఎక్కి, ఆయన చూడకుండా విప్పి కూర్చునేదాన్ని.

ఇంటికొచ్చాక కాళ్లు కడుక్కోకముందే ట్రంకు పెట్టె తెరిపించాను. బెల్టు ఉంది. హుక్కు చెక్కుచెదరలేదు, రింగు దగ్గర పట్టీ తెగి ఉంది. దాన్ని ముందు పెట్టుకుని ఆయన నిజం రాశాడు. లేబర్ ఆఫీసుకు నేనూ వెంట వెళ్లాను. బెల్టు ఫోటోలు తీసుకుని, పిలిచినప్పుడు అది ఎవరి దగ్గరున్నా తెచ్చి చూపించమన్నారు. కాంట్రాక్టరు మాతో మాటలు మానేశాడు. విచారణ ఎటు తేలుతుందో ఇంకా తెలియదు.

లేబర్ ఆఫీసుకు వెళ్లిన మర్నాడు పొద్దున్నే ఆ బెల్టు సంచిలో పెట్టుకుని భుయ్యాడీహ్ వెళ్లాను. పైడమ్మ గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మనలేదు. నేను మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇక్కడ కాదమ్మా. ఆ దినం కుళాయి కాడ అన్నారు. అక్కడే సెప్పండి" అంది.

నీళ్లు వచ్చే వేళ. వరసలో చాలామంది ఉన్నారు. "తవుడు బెల్టు ఏసుకున్నాడు. తప్పు మాది. నాను అన్న మాట అబద్దం" అన్నాను.

"ఇనబడనేదు" అంది పైడమ్మ.

మళ్లీ చెప్పాను.

"ఎనకున్నోలకి ఇనబడనేదు."

మూడోసారి అరిచి చెప్పాను. గొంతు జీరబోయింది. ఎవరో కుళాయి కట్టేశారు. ఒక్కరూ నన్ను ఓదార్చలేదు. ఓదార్చాల్సిన పని కూడా లేదు.

"ఇన్నాల్లకి ఎందుకు సెప్పబుద్దయింది" అని అడిగింది. బస్సు సంగతి మొత్తం చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు. బెల్టు చేతిలోకి తీసుకుని తెగిన చోట వేలితో తడిమింది.

"అక్కడ సలేనా అమ్మా?"

"బాగా సలి. మంచు కూడా ఉంది."

"ఆడికి సలి పడదు" అంది. బెల్టు పట్టుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆమె నన్ను క్షమించలేదు. సాక్చీ బజారులో కనబడితే ముఖం తిప్పుకుంటుంది. అది న్యాయమే. దయ్యాలున్నాయా అంటే ఇప్పటికీ లేవనే అంటాను. అయినా ఏ బండి ఎక్కినా కూర్చునే ముందు సీటు చూసుకుంటాను. కుళాయి దగ్గర అరిచిన రోజు నుంచి ఆ మడత మళ్లీ కనబడలేదు. అంత చలిలో, అంత దూరం మా వెనకాల ఎలా వచ్చాడో, ఎలా తిరిగి వెళ్లాడో నాకు తెలియదు.